ఒక్క బకెట్ మూడు ఇంజన్లకు పోయొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నల్లగొండ జిల్లా నిడమనూరు మండలంల ఒక ఊరు. సాగర్ ఎడమ కాలువ కింద ఆరెకరాల పొలం. 2009ల కొన్న 42 హెచ్‌పీ ట్రాక్టర్ ఉన్నది. సీజన్ల కరిగెట్లకు కిరాయికి తిప్పుత, ఎండకాలం మా అత్తగారి దిక్కు దేవరకొండ చెల్కలల్ల రోటవేటర్ కొడ్త. 2021ల కొత్త పొగ నిబంధనల కింద వచ్చిన బీఎస్-6 డీజిల్ పికప్ ఒకటి కొన్న. బాయి కాడ మా నాయిన కాలం నాటి డీజిల్ ఇంజన్ ఉన్నది, కరెంటు పోయినప్పుడు నడుపుతం. దుకాణం సేటు 20 లీటర్ల ఇంజన్ ఆయిల్ బకెట్ ఒకటి తీస్కపో, మూడిట్లకు అదే పోసుకో అంటున్నడు. మా మేస్త్రీ ఏమో 15డబ్ల్యూ-40 పల్చగుంటది, మన ఎండలకు 20డబ్ల్యూ-40 చిక్కటిదే పోయాలె అంటడు. సింథటిక్ పోస్తే 500 గంటల దాక చూసే పనే లేదని మా బావమరిది. ట్రాక్టర్‌ల పోసిన రెండో రోజుకే ఆయిల్ నల్లగైతున్నది, నాసి మాలేమో అని అనుమానం. పికప్‌ల మాత్రం ఆయిల్ తగ్గనే తగ్గదు, మొన్న చూస్తే పై గీత కంటే ఇంకింత పైకే ఉన్నది. మంచి ఇంజన్ పడ్డదని సంబురపడుతున్న. తీసేసిన నల్ల ఆయిల్‌ను నాయిన చెదలు పట్టకుండ కడీలకు పూస్తడు, మిగిలింది కాలువ గట్టున పారబోస్తం. ఎవరి మాట వినాలె?

జవాబు: తమ్మీ, ఎవరి మాట వినాలనేది తర్వాత. ముందు నువ్వు సంబురపడ్డ సంగతి చెప్త. పికప్ బానెట్ లేపి ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ మళ్లొకసారి చూడు. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దుగాల, సాపు నేల మీద, స్టార్ట్ చెయ్యకముందే చూడాలె. అప్పుడు గూడ ఆయిల్ పై గీత దాటి ఉంటే, దాన్ని వాసన చూడు. డీజిల్ వాసన గట్టిగ కొడితే ఆ బండిని ఇక మార్కెట్ యార్డుకు తోలకు, నేరుగా సర్వీసుకే తీస్కపో.

ఇంజన్‌లో ఆయిల్ తగ్గుడు మామూలే, పెరుగుడు మామూలు కాదు. ఆయిల్ తనంతట తాను పుట్టదు గదా. పెరిగిందంటే వేరేదేదో వచ్చి కలుస్తున్నది. అది నీళ్లన్నా కావాలె, డీజిలన్నా కావాలె. నీళ్లయితే ఆయిల్ చాయ్ రంగుకు తిరుగుతది, మూత కింద మీగడ లెక్క కడతది. డీజిల్ అయితే రంగు మారదు, పల్చగైతది. అందుకే కంటికి దొరకదు.

బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ తోవలో మసిని పట్టే జాలి ఉంటది, డీపీఎఫ్ అంటరు. జాలి నిండినప్పుడు బండే ఇంజన్‌లోకి కొంచెం డీజిల్ ఎక్కువ పంపి, ఆ వేడితో మసిని కాల్చేస్తది. జాలి దగ్గర వేడి 600 డిగ్రీల చుట్టూ పోవాలె. దానికి బండి ఆగకుండ ఒక పది పదిహేను, ఇరవై నిమిషాలు నడవాలె. నీ పికప్ ఊరి నుంచి నిడమనూరు, నిడమనూరు నుంచి ఊరు, మధ్యలో బాయి కాడికి, ఇట్ల అయిదారు కిలోమీటర్లకు ఒకసారి బంద్ అయితున్నదనుకో. కాల్చుడు షురూ అయితది, సగంలో ఆగిపోతది, మళ్ల షురూ అయితది. కాలకుండ మిగిలిన డీజిల్ పిస్టన్ పక్కల నుంచి జారి కింద ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే సంపులో, ఆయిల్‌లో కలుస్తది. అదే నీకు పై గీత దాటి కనబడేది.

పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు, అది ఒక నష్టం. ఇంకో ప్రమాదం ఉన్నది. మట్టం మరీ పెరిగితే ఇంజన్ ఆ ఆయిల్‌నే గాలి తోవలో గుంజుకొని తాగుతది, తాళం తీసినా ఆగకుండ పరుగుపెడతది. నేను ఒక్కసారే చూసిన, రెండోసారి చూడాలనిపించలేదు.

ఈ పాఠం నాకు గూడ తేరగ రాలేదు. షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒకాయన ట్రాక్టర్ నా దగ్గరికే వచ్చేది. ఆయనా నీలెక్కనే, "నా ఇంజన్ చుక్క ఆయిల్ తాగది" అని చాయ్ హోటల్ కాడ చెప్పుకునేటోడు. నేను గూడ అదేదో నా పనితనమే అన్నట్టు మురిసిపోయిన. డిప్‌స్టిక్ తీసి చూసుడు, గీతకు సరిగ్గ ఉన్నది అనుడు, తోలెయ్యి అనుడు. డీజిల్ పంపు నుంచి సంపులోకి కారుతున్నది, తాగిన ఆయిల్‌కు కారిన డీజిల్ సరిపోయి గీత మాత్రం కదలలేదు. నాట్ల సీజన్ నడుమల బేరింగులు పోయినయి. క్రాంకు గ్రైండింగ్‌కు ఇచ్చి ఆయన పదిహేను రోజులు ఇంట్లో కూసున్నడు. తప్పు నాదే, వేలికి ఆయిల్ అంటించుకొని వాసన చూసే తెలివి అప్పుడు నాకు లేదు.

కాబట్టి పికప్‌కు సర్వీసు చేయించి, ఆయిల్ మార్పించినంక, వారానికి ఒకసారన్నా హైవే ఎక్కించు. మిర్యాలగూడ దాక ఒక చొప్పున తోలి రా. డ్యాష్‌బోర్డు మీద ఆ జాలి గుర్తు వెలిగితే బండి బంద్ చేయకు, గుర్తు ఆరేదాక నడుపు. ఆరకుండ సతాయిస్తే సర్వీసుకు చూపియ్యాలె. కొంతమంది ఆ జాలినే కోసి పడేస్తమంటరు, వాళ్ల మాట వినకు.

ఇప్పుడు పికప్‌కు ఏ ఆయిల్ అంటే, దుకాణం సేటు బకెట్ కాదు. సేటు మోసం చేస్తున్నడని కాదు, ఆయనకు పదేండ్ల కిందటి లెక్క గుర్తున్నది. ఆయిల్‌లో కలిపే మందుల్లో లోహాలు ఉంటయి. ఆయిల్ కొంచెం కొంచెం కాలినప్పుడు అవి బూడిదై పొగతోని పోయి జాలిలో కూసుంటయి. మసిని కాల్చొచ్చు గని బూడిదను కాల్చలేం, అది జాలిని మెల్లగ మూసేస్తది. అందుకే జాలి ఉన్న బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ అని వేరే ఉంటది. నీ బండితోని వచ్చిన పుస్తకంలో దాని గ్రేడు, దాని పక్కన రెండు మూడు అక్షరాల గుర్తు రాసి ఉంటయి. చిన్న డీజిల్ బండ్లకు ఎక్కువగ 5డబ్ల్యూ-30, ఏసీఈఏ (యూరప్ బండ్ల కంపెనీల సంఘం) సీ2 అనో సీ3 అనో ఉంటది. అక్షరం పొల్లుపోకుండ అదే తెచ్చి పోయాలె. ఖరీదు ఎక్కువనిపిస్తది, కొత్త జాలి ధర అడిగినంక అట్ల అనిపించదు.

ఇక ట్రాక్టర్. ఇక్కడ నీ మేస్త్రీ మాట చూద్దాం. 15డబ్ల్యూ-40లో మొదటి సగం చలి సంగతి, రెండో సగం వేడి సంగతి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. వేడెక్కిన ఇంజన్‌లో ఆయిల్ ఎంత చిక్కగుంటదో చెప్పేది వెనక ఉన్న 40. నూరు డిగ్రీల దగ్గర కొలిస్తే సెంటీస్టోకులనే చిక్కదనం కొలతలో 12.5 నుంచి 16.3 మధ్య ఉండాలని లెక్క. 15డబ్ల్యూ-40కి అదే లెక్క, 20డబ్ల్యూ-40కి గూడ అదే లెక్క. ఎండల్లో రోటవేటర్ కొట్టేటప్పుడు రెండూ ఒక్కటే చిక్కదనం. ముందున్న 15, 20 తేడా ఎక్కడ తెలుస్తదంటే, ఒకదాన్ని సున్నాకు కింద 20 డిగ్రీల చలిలో పరీక్ష చేస్తరు, ఇంకోదాన్ని 15 డిగ్రీల చలిలో. మన నిడమనూరులో నీళ్లు గడ్డకట్టే చలి వచ్చినప్పుడు మళ్ల ఉత్తరం రాయి, అప్పుడు ఆలోచిద్దాం.

అయితే మేస్త్రీ చెప్పింది పోస్తే ఏమైతదని అడుగుతవు. చిక్కదనం సంగతిలో ఏం కాదు. చిక్కు వేరే కాడ ఉన్నది. 20డబ్ల్యూ-40 అని రాసి దుకాణాల్లో కనబడే డబ్బాల్లో చాలావరకు పాత రకం ఆయిలో, మోటార్ సైకిల్ ఆయిలో ఉంటది. ముందు దిక్కు పెద్దగ రాసిన నంబర్ కంటే డబ్బా వెనక చిన్నగ రాసిన అక్షరాలు చూడాలె. ఏపీఐ అని ఉంటది, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వర్గం అది. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్ ఇంజన్లకు. సీ తర్వాత వచ్చే అక్షరం ముందుకు పోతున్నకొద్దీ ఆయిల్ కొత్త తరానిది. సీఎఫ్-4 1990 నాటిది, ఇప్పుడు దాన్ని వాళ్లే పాతబడ్డ లెక్కలో పడేసిన్రు. సీహెచ్-4 1998, సీఐ-4 2002, సీజే-4 2006, సీకే-4 2016. వెనక ఉన్న 4 అంటే ఫోర్ స్ట్రోక్. సీఐ-4 పక్కన గీత పెట్టి ఎస్ఎల్ అని గూడ ఉంటే, ముందు డీజిల్‌కు చేసినం, పెట్రోల్‌కు గూడ నడుస్తది అని అర్థం.

ఈ వరుసలో కొత్తది పాత ఇంజన్‌కు పనికొస్తది, పాతది కొత్త ఇంజన్‌కు పనికిరాదు. నీ 2009 ట్రాక్టర్ పుస్తకంలో సీఎఫ్-4 అనో సీహెచ్-4 అనో ఉండొచ్చు. దానికి 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ (సీఐ-4లోనే మెరుగైన రకం) పోస్తే దర్జాగ నడుస్తది. సీకే-4 దొరికితే అదీ మంచిదే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, ఎఫ్ఏ-4 అని ఎక్కడన్న కనబడితే అది ఈ వరుసలోది కాదు, పల్చని ఆయిల్ కోసమే తయారైన కొత్త ఇంజన్లది, మనకు అక్కర లేదు.

పాత మేస్త్రీలు కొందరు ఇంకో మాట అంటరు. సీకే-4 లెక్క బూడిద తక్కువ ఆయిల్‌లో క్షారం తక్కువ, అది పాత ఇంజన్‌ను తుప్పు పట్టిస్తది అని. ఈ భయం ఒకప్పుడు నిజమే. నువ్వు ట్రాక్టర్ కొన్న 2009లో ఊరి బంకుల్లో దొరికే డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 500 పాళ్ల దాక గంధకం ఉండొచ్చు. గంధకం కాలి నీటి ఆవిరితోని కలిస్తే ఆమ్లం అయితది, దాన్ని చంపడానికి ఆయిల్‌లో క్షారం దండిగ ఉండాల్సొచ్చేది. 2010లో అది 350కి దిగింది, 2017లో 50కి, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా 10 పాళ్లకు దిగింది. నీ పాత ట్రాక్టర్ గూడ ఇయ్యాల తాగేది ఆ శుభ్రమైన డీజిలే. ఇంజన్ పాతదైనా డీజిల్ కొత్తది, అందుకే ఆ భయం ఇప్పుడు అక్కర లేదు.

రెండో రోజుకే ఆయిల్ నల్లగైందని అనుమానపడ్డవు. అది నాసి మాల్ అయినందుకు కాదు, పని చేస్తున్నందుకు నల్లగైంది. డీజిల్ కాలినప్పుడు పుట్టే మసి రేణువు మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు కంటే, చానా సన్నం. ఫిల్టర్ పట్టేది పది ఇరవై మైక్రాన్ల మురికిని. మసి దానికి దొరకదు. దొరకని మసి గడ్డకట్టి ఎక్కడో అతుక్కోకుండ, విడివిడిగ తేలేటట్టు పట్టుకునే మందు ఆయిల్‌లోనే కలిపి ఉంటది. కొత్త ఆయిల్ పోసినప్పుడు సంపు మూలల్లో మిగిలిన పాత మసిని గూడ అది కడిగి తనలోకి తీసుకుంటది. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ వారం పది రోజులైనా తేనె రంగులనే ఉంటే నేనైతే అప్పుడు అనుమానపడత, ఇది మురికిని పట్టుకుంటున్నదా లేక లోపలే వదిలేస్తున్నదా అని.

మీ నాయినను అడుగు, నల్లటి కందెన ఆయనకు కొత్త కాదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కావాలనే నల్లగ చేసి పెట్టేటోళ్లు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత పుట్టింది ఆ ఇరుసు నుంచే. ఆ ఆముదం ఎక్కడిదంటవా, మన దేవరకొండ, పాలమూరు చెల్కలదే. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదాలంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పేర్లే చెప్పేటోళ్లు. 1909లో ఇంగ్లండులో ఒక కంపెనీ మోటారు ఇంజన్ల ఆయిల్‌లో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషు మాట అయిన కాస్టర్ నుంచే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఇప్పుడు మీ అత్తగారి ఊర్లో ఆముదం పోయి పత్తి వచ్చింది. ఆ చెల్కలోనే నీ ట్రాక్టర్ దుబ్బ తింటున్నది. అసలు సంగతి అక్కడున్నది.

ఉత్తరంలో ఆయిల్ గురించి నాలుగు ప్రశ్నలు అడిగినవు, ఎయిర్ క్లీనర్ ఊసు ఎత్తలేదు. నా షెడ్డుకు "ఆయిల్ మంచిది పోసినా ఇంజన్ పోయింది" అని వచ్చిన ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఆయిల్‌తోని పోలేదు, దుబ్బతోని పోయినయి. ఎర్ర చెల్కలో పొడి మీద రోటవేటర్ కొట్టినప్పుడు లేచే దుబ్బలో ఉండేది చాలావరకు సన్న ఇసుక. అది పోత ఇనుము కంటే గట్టిది. ఒక చారెడు లోపలికి పోతే రింగులను, లైనర్‌ను ఆకురాయి పెట్టి రాసినట్టు అరగదీస్తది. రింగులు అరిగినంక కాలిన పొగ కిందికి దిగి ఆయిల్‌ను పాడుచేస్తది, ఆయిల్ పైకి ఎక్కి కాలుతది, నీలం పొగ వస్తది. అప్పుడు అందరూ ఆయిల్ కంపెనీని తిడతరు.

నీ ట్రాక్టర్ వయసును బట్టి దానికి ఆయిల్ గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరే ఉండాలె. కరిగెట్లో బురద పని కాబట్టి అక్కడ దుబ్బ తక్కువ, గిన్నె ఎప్పుడో ఒకసారి చూసినా నడుస్తది. చెల్కలోకి పోయిన్నాడు మాత్రం రోజూ చూడాలె. పొద్దుగాల ట్రాక్టర్ స్టార్ట్ చేయకముందే గిన్నె ఊడదీసి చూడు. అడుగున వేలు మందం మట్టి పేరుకుంటే, ఆయిల్ పిండి కలిపినట్టు అయితే, పారేసి గిన్నెను డీజిల్‌తో కడిగి, తుడిచి, గీత దాక కొత్త ఇంజన్ ఆయిల్ పోయి. గీతకు తక్కువైతే దుబ్బ ఆగదు, ఎక్కువైతే ఆ ఆయిల్‌ను ఇంజన్ గుంజుకుంటది. తీసేసిన నల్ల ఆయిల్‌నే గిన్నెలో పోసేటోళ్లు ఉన్నరు, పావు లీటర్ కాడ పిసినారితనం అది. గిన్నె పైన ఉండే తీగ జాలిని గూడ నెలకోసారి డీజిల్‌లో జాడించు.

దానికంటే ముఖ్యమైనది ఒకటి చెప్త, ఇయ్యాలనే చేసి చూడు. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం క్లిప్పు విప్పి, ఇంజన్ దిక్కు చివర లోపల వేలు పెట్టి తుడువు. వేలికి ఎర్ర దుబ్బ అంటితే, క్లీనర్ పని చేస్తలేదు, లేదా గొట్టం ఎక్కడో పగిలి నేరుగా గాలి గుంజుకుంటున్నది. పదిహేనేండ్లు దాటిన రబ్బరు పగలకుండ ఉండుడు కష్టం. ఆ గొట్టం మార్చకుండ నువ్వు సీకే-4 కాదు గదా, బంగారం కరిగించి పోసినా ఇంజన్ నిలవదు.

రేడియేటర్ ముందుండే జాలి సంగతి గూడ ఇదే. పత్తి కట్టె పొడి, వరి గడ్డి ముక్కలు పట్టుకొని గాలి ఆగితే ఇంజన్ వేడెక్కుతది, ఆయిల్ ఉండాల్సినదానికంటే పల్చగైతది. 40 అని కొన్నది 30 లెక్క పని చేస్తది. బయట 44 డిగ్రీల ఎండ ఉన్నదని చిక్కటి ఆయిల్ పోసే బదులు, సాయంత్రం పూట ఆ జాలి దులిపితే ఎక్కువ లాభం. బయటి ఎండ పది డిగ్రీలు పెరిగితే ఇంజన్ లోపల అంత పెరగదు, థర్మోస్టాట్ ఉన్నది చూసుకోవడానికి.

ఆయిల్ మార్చే గడువుకు వస్తే, నీ తరం ట్రాక్టర్లకు సాధారణంగ 250 గంటలు అని పుస్తకంలో ఉంటది, నీ పుస్తకంలో ఎంతుంటే అంత. మీటర్ మీద మరీ నమ్మకం పెట్టుకోకు. పాత రకం గంటల మీటర్ ఇంజన్ ఒక చొప్పున తిరిగితేనే గడియారంతో సమానంగ నడుస్తది, తక్కువ చొప్పున తిరిగితే వెనకబడతది, లోడు మీద గంటైనా మీటర్ల గంట కాకపోవచ్చు. నేను చెప్పే లెక్క సులువు. వానకాలం కరిగెట్లు షురూ అయ్యే ముందు ఒకసారి, యాసంగి కరిగెట్ల ముందు ఒకసారి మార్చు, ఫిల్టర్‌తో సహా. మధ్యలో చెల్కల పని ఎక్కువ పడి గంటలు నిండితే మూడోసారి. గంటలు నిండకపోయినా ఏడాది దాటనియ్యకు. నీ ట్రాక్టర్‌కు ఏడెనిమిది లీటర్లు పడతదనుకుంటే, ఆ 20 లీటర్ల బకెట్ రెండు మార్పిళ్లకు, మధ్యలో పోసుకునే చిల్లరకు సరిపోతది.

బావమరిది సింథటిక్ మాట. సింథటిక్ ఆయిల్ వేడికి తొందరగ పాడుగాదు, ఆ మాట నిజం. గని ఆయిల్ ఎంత గట్టిదైనా అందులో చేరే మసి, దుబ్బ, డీజిల్ ఎక్కడికీ పోవు. పదిహేనేండ్లు దాటిన ఇంజన్, కొంచెం ఆయిల్ తాగుతది గూడ. దానికి ఖరీదైన ఆయిల్ పోసి 500 గంటలు వదిలేసే బదులు, మామూలు సీఐ-4 ప్లస్ పోసి 250కి తీసేసుడే లాభం. 500 గంటలు పోతదని కంపెనీ పుస్తకంలో రాసిన కొత్త ట్రాక్టర్లు ఉన్నయి, ఆ మాట ఆ ఇంజన్లకు చెప్పింది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చినయి. అట్లాంటిది మీ ఊర్ల ఎవరన్న కొంటే వాళ్లకు నీ బకెట్ల నుంచి ఆయిల్ బదులియ్యకు, వాళ్ల పుస్తకం చూసుకొమ్మను.

బాయి కాడి ఇంజన్‌కు ఫిల్టర్ ఉన్నదో లేదో చూడు. మెల్లగ తిరిగే పాత ఇంజన్లలో చాలావాటికి ఉండదు, లోపలి చెంచా ఆయిల్‌ను చిమ్మి తడుపుతది. వాటి పుస్తకంలో 30 అనో 40 అనో ఒక్క నంబరే ఉంటది. నీ బకెట్ ఆయిల్ పోయొచ్చు, కాకపోతే పోసే ముందు సంపు తలుపు తీసి అడుగున పేరుకున్న బురదను గుడ్డతో శుభ్రంగ తుడువు. లేకుంటే కొత్త ఆయిల్ ఆ మురికినంతా లేపి బేరింగులకు తిప్పుతది, దాన్ని పట్టడానికి ఫిల్టర్ లేదు.

బకెట్ ఇంజన్లకే. ట్రాక్టర్ గేరు బాక్సుకు, హైడ్రాలిక్‌కు, ఆయిల్‌లో మునిగే బ్రేకులకు అది పోయకు. తక్కువైందని చేతికందింది పోసి, బ్రేకులు కీచుమంటున్నయని నెల తిరక్కముందే వచ్చినోళ్లు నాకు తెలుసు.

కొనేటప్పుడు మూతి సీలు నీ ముందట తెరిపియ్యి, బిల్లు అడుగు. బిల్లు లేని ఆయిల్ తక్కువకు వస్తుందంటే అది ఎవరో తీసేసిన ఆయిల్ వడగట్టి, రంగు కలిపి మళ్ల డబ్బాకెక్కించింది కావొచ్చు. ఖాళీ బకెట్లు ఊరూరా తిరిగి మంచి ధరకు కొనేటోళ్లు అందుకే ఉన్నరు. ఖాళీ అయినంక లేబుల్ చింపి, మూతి కోసి పెట్టుకో. సగం ఉన్న బకెట్‌ను కొట్టంలో మూత లేకుండ పెడితే, ఎయిర్ క్లీనర్ గిన్నెలో అంత కష్టపడి ఆపిన దుబ్బ ఇక్కడి నుంచి లోపలికి పోతది.

మార్చేటప్పుడు ఇంజన్ వేడిగ ఉన్నప్పుడే డ్రెయిన్ విప్పు, మసి కలిసే బయటికి వస్తది. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి, చేత్తోనే బిగించు, పానా పెట్టి పిసకకు. స్టార్ట్ చేసినంక ప్రెషర్ లైటు ఆరేదాక రేసు ఇయ్యకు. ఆఫ్ చేసి పది నిమిషాలైనంక గీత చూడు. పై గీత దాటి పోసినవనుకో, క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తది, నురగలో పట్టు ఉండదు.

చివరికి ఆ నల్ల ఆయిల్. కాలువ గట్టున పారబోసుడు తప్పే తమ్మీ. వానకు అది కాలువలోకే దిగుతది, కింది ఊర్ల మనుషులు, పశువులు ఆ నీళ్లనే తాగుతరు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ పేరు ఉన్నది. కడీలకు పూసుడు మన దిక్కు పాత అలవాటే, మీ నాయిన మానమంటే మానకపోవచ్చు. బాయి దగ్గరి కడీలకు, పశువులు మెడ రాసుకునే గుంజలకు మాత్రం వద్దను. పూసేది ఉత్త చేతుల్తో కాకుండ గ్లౌజులు తొడుక్కొని, బ్రష్‌తో పుయ్యమను, ఎందుకంటే కాలిన ఆయిల్ ఏండ్ల తరబడి చర్మానికి అంటితే కేన్సర్ తెచ్చే గుణం దానికున్నది. మిగిలినదాన్ని పాత డబ్బాకే ఎక్కించి మూత బిగించి పెట్టు. పికప్ సర్వీసుకు ఎట్లాగూ పోతున్నవు గదా, అక్కడ వాడిన ఆయిల్ పోసే డ్రమ్ము ఉంటది, అందులో పోసి రా. ఆ డిప్‌స్టిక్ వాసన ఎట్లున్నదో, రబ్బరు గొట్టంల వేలికి ఏం అంటిందో మాత్రం నాకు మళ్ల రాయి.